నా కేసు వద్దన్న వకీలమ్మ

రావియాను మొదటిసారి చూసినప్పుడు నేను ఆమెను టేబుల్ తుడవమన్నాను.

తప్పు నాది కాదు, మా అలెగ్జాండ్రియా వాళ్ల భాషది. ఇక్కడ వకీలునీ ‘మెతర్’ అనే పిలుస్తారు, హోటల్లో సర్వర్ల మీద పెద్దగా ఉండే మనిషినీ ‘మెతర్’ అనే పిలుస్తారు. ఆ రోజు మన్షియా కోర్టు ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరూ ఉన్నారు. నేను ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలికారు.

ముప్ఫయ్యేళ్లు దాటిన మాట. నవంబరు నెల. ఏటా ఆ రోజుల్లో సముద్రం మీంచి వచ్చే గాలివానకు మా ఊళ్లో చీపురు వాన అని పేరు. వీధులన్నీ ఊడ్చిపెట్టి పోతుంది. నేను తడిసి ముద్దయి ఆ హోటల్లో దూరి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క టేబుల్ దగ్గర కూలబడ్డాను. టేబుల్ నిండా ఎవరో వలిచి పడేసిన వేరుశెనగ పొట్టు.

"మెతర్! ఈ టేబుల్ కాస్త తుడవండి. ఒక కాఫీ. చక్కెర మరీ ఎక్కువొద్దు."

నల్ల కోటు వేసుకుని, చంకలో ఫైళ్లు పెట్టుకుని అటుగా పోతున్న ఒకమ్మాయి ఆగింది.

"నన్నేనా?"

"మిమ్మల్ని కాదండీ, మెతర్‌ని పిలిచాను."

"నేనే మెతర్‌ని."

నేను ఆమెను ఎగాదిగా చూశాను. "ఓహో, ఇక్కడ ఆడవాళ్లను కూడా పెట్టుకుంటున్నారా? మంచిదే. అయితే ఆ టేబుల్ సంగతి…"

ఆమె ఫైళ్లు కుర్చీలో పెట్టింది. కోటు జేబులోంచి రుమాలు తీసి, పొట్టంతా శుభ్రంగా దులిపేసింది. తీరిగ్గా నా ఎదురుగా కూర్చుంది.

"తుడిచాను. ఇక ఫీజు మాట్లాడుకుందాం. వకీలు చేత టేబుల్ తుడిపించుకుంటే ఎంతవుతుందో తెలుసా?"

అప్పుడే అసలు మెతర్, బట్టతల పెద్దమనిషి, కాఫీ పట్టుకొచ్చాడు. "ఏం మెతర్ రావియా, నా ఉద్యోగం కూడా మీరే చేసేస్తే నేనేం కావాలి?" అని పగలబడి నవ్వాడు. పక్క టేబుళ్ల వాళ్లూ నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి ఆమె కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. ఆ నవ్వు చూశాక ఆ మిగతా నవ్వులన్నీ నాకు వినిపించడం మానేశాయి. నేను ఆ క్షణమే పడిపోయానని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం కాఫీ వేడికి ముఖం ఎర్రబడిందనుకున్నాను.

"ఆ కాగితం ఏమిటి మేస్త్రీ? పిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నారు."

"నేను మేస్త్రీనని మీకెలా తెలుసు?"

"గోళ్లు చూసుకోండి. ఆ రంగు లక్క పాలిష్ పెట్టేవాళ్లకు తప్ప రాదు."

కాగితం ఆమె చేతికిచ్చాను. అది కోర్టు ద్వారా వచ్చిన నోటీసు. అత్తారీన్ వీధిలో మా తాత కట్టిన చిన్న మేడ, కింద మా పాలిష్ కొట్టు, పైన రెండు గదులు. సగం మా నాన్నది, సగం మా బాబాయిది. వాళ్లిద్దరూ పోయాక మా సగం అమ్మకూ నాకూ వచ్చింది. బాబాయి కొడుకు కైరోలో స్థిరపడి, మాతో ఒక్క మాటైనా చెప్పకుండా తన సగాన్ని ఒక కాంట్రాక్టరుకు అమ్మేశాడు. కాంట్రాక్టరు కాలు పెడితే ఇంకేముంది, కొట్టు కూలగొట్టి పదంతస్తులు లేపుతాడు. నాకు పాలిష్ తప్ప వేరే పని రాదు. మా నాన్న పోయింది కూడా ఆ కొట్టులోనే, చేతిలో గుడ్డ ఉండగానే.

ఆమె పేర్ల జోలికి పోకుండా ముద్ర మీది తేదీ చూసింది. "ఇది ఎప్పుడు అందింది?"

"శనివారం."

"ఇవాళ బుధవారం. మేస్త్రీ, కలిసి ఉన్న ఆస్తిలో వాటా బయటివాడికి అమ్మితే, మొదటి హక్కు మీది. అదే ధరకు ‘నేనే కొంటాను’ అని మీరు పట్టుబట్టొచ్చు. కాకపోతే పదిహేను రోజుల్లోపే కోర్టు మనిషి చేత చెప్పించాలి. నాలుగు అయిపోయాయి. కాఫీ తర్వాత తాగొచ్చు, ముందు వకీలును చూసుకోండి."

"చూసుకున్నాను. ఇప్పుడు ఆయన దగ్గరికే."

ఎవరని అడిగేలోపు కోర్టు బంట్రోతు వచ్చి ఆమెను పిలుచుకుపోయాడు. ఆ రుమాలు టేబుల్ మీదే మర్చిపోయింది. ఇచ్చేద్దామనే జేబులో పెట్టుకున్నాను.

నేను వకీలును ఎలా ఎంచుకున్నానో చెబితే మీరు కూడా నవ్వుతారు. మంగలి ఒక పేరు చెప్పాడు, రొట్టెల కొట్టు వాడు ఇంకో పేరు చెప్పాడు. మా అమ్మ తహియ్యా మాత్రం, "పెద్ద కేసుకి పెద్ద వకీలే కావాలిరా" అంది. నాకు తెలిసిన పెద్ద వకీలు ఒక్కడే, మెతర్ ఫఖ్రీ. రెండేళ్ల కిందట ఆయన బల్లకు పాలిష్ పెట్టింది నేనే. ఏకాండీ వాల్‌నట్ చెక్క, ఎక్కడా అతుకు లేదు. అంత మంచి బల్ల ముందు కూర్చునేవాడు మంచివాడే అయి ఉంటాడని నా నమ్మకం. చెక్క చూసి మనిషిని అంచనా వేయడం మా వృత్తివాళ్లకున్న జబ్బు.

ఆయన ఆఫీసు తలుపు కొడితే తీసింది ఎవరనుకున్నారు?

"మళ్లీ టేబుల్ తుడవాలా?" అంది రావియా.

నా ఆనందానికి హద్దు లేదు. ఆమె అక్కడ జూనియరు. నన్ను కూర్చోబెట్టి వివరాలు రాసుకోవడం మొదలుపెట్టింది. పేరు షుక్రీ, వయసు ఇరవై ఎనిమిది, పెళ్లి కాలేదు.

"పెళ్లి సంగతి నేనడగలేదే."

"ఫైల్లో ఉంటే మంచిది కదండీ. ఎప్పుడు ఏం అవసరం వస్తుందో."

నవ్వు ఆపుకుంటూ, "కొన్నదెవరు?" అని అడిగింది. కాంట్రాక్టరు పేరు చెప్పాను.

కలం ఆగిపోయింది. ఆమె లోపలి గది తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత రాసిన కాగితాన్ని మెల్లగా రెండుగా మడిచి నా చేతిలో పెట్టింది.

"మేస్త్రీ, ఈ పని ఇక్కడ వద్దు. వేరే వకీలును చూసుకోండి."

"ఎందుకు?"

"ఎందుకని అడక్కండి."

"పొద్దున టేబుల్ తుడవమన్నందుకా? తెలియక అన్నానండీ."

"అయ్యో, దాని గురించి కాదు."

"మరి?"

"చెప్పలేను. మళ్లీ ఈ ఆఫీసుకి మాత్రం రాకండి. మీకు దణ్ణం పెడతాను."

అంతలో లోపలి తలుపు తెరుచుకుంది. "ఓహో, మన పాలిష్ మేస్త్రీ! రా నాయనా, రా" అంటూ ఫఖ్రీ చేతులు చాచాడు. నేను ఆమె ముఖంలోకి చూశాను. హోటల్లో నవ్విన మనిషి కాదు. పెద్దవాళ్ల ఆఫీసులో గోళ్లకు లక్క రంగున్నవాడు కూర్చోవడం నామోషీ అనుకుంటోందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆ రోషంతోనే లోపలికి వెళ్లాను.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఎవర్తెరా అది నిన్ను రావద్దనడానికి? దాని తాత కట్టించాడా ఆ ఆఫీసు? రోజూ వెళ్లు. దాని కళ్లెదురుగానే కూర్చో!"

రోజూ వెళ్లాను. ఫఖ్రీ రోజూ, "రేపు చూద్దాం నాయనా, తొందరేముంది?" అనేవాడు. రావియా రోజూ, "మళ్లీ వచ్చారా?" అనేది.

"మీకోసం రాలేదు లెండి."

"నాకోసమైతే అస్సలు రాకండి. ఎన్ని రోజులున్నాయో లెక్క చూసుకుంటున్నారా?"

"అదంతా ఆయన చూసుకుంటానన్నారు."

ఆ మాటకు ఆమె కళ్లు మూసుకునేది, పంటి నొప్పి వచ్చినట్టు. ఒకరోజు ఆమె కుర్చీ కాలు ఊగుతుంటే మోకాళ్ల మీద కూర్చుని బిగించి ఇచ్చాను. థాంక్స్ చెప్పాల్సింది పోయి, "మీకు ఒక మాట చెబితే బుర్రకెక్కదా?" అని కసిరింది. తలెత్తి చూస్తే కళ్లలో నీళ్లు. ఇంత కోపం నామీద ఎందుకో నాకు అంతు చిక్కలేదు. ఆమె మీద నాకు కోపం రాకపోవడం అంతకంటే వింతగా ఉండేది. ట్రాములో ఇంటికి పోతూ ఆ కసురుకోవడాన్నే మళ్లీ మళ్లీ గుర్తు చేసుకునేవాణ్ని.

పన్నెండో రోజు గురువారం. ఫఖ్రీ నన్ను రిజిస్ట్రాఫీసుకు రమ్మన్నాడు, తన పేర వకాల్తా రాసివ్వాలట. మళ్లీ వాన. అక్కడ జనం, గొడుగులు, బురద. టైపు కొట్టించిన కాగితం నా ముందు పెట్టాడు. కొనడానికి, అమ్మడానికి, రాజీ పడడానికి, హక్కు వదులుకోవడానికి, అన్నిటికీ అధికారం ఆయనదే.

"ఇన్ని ఎందుకండీ?"

"ఇది అందరూ రాసేదే. నీకు శ్రమ తప్పుతుంది. ఊఁ, పెట్టు సంతకం."

కలం కాగితానికి ఆనించాను.

"మేస్త్రీ!"

రావియా. గొడుగు లేదు. కోటు అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఫఖ్రీ గుడ్లురిమాడు. "నువ్వేంటి ఇక్కడ? ఆఫీసు ఎవరు చూస్తారు?"

"నా రాజీనామా మీ బల్ల మీద పెట్టి వచ్చాను సార్." ఆమె నా వైపు తిరిగింది. "మీ కేసు గురించి నేను ఒక్క ముక్క చెప్పను. ఆఫీసులో తెలిసింది బయట చెప్పకూడదు, అది నా వృత్తి నియమం. కానీ వకాల్తా ఇచ్చే ముందు ఎవరైనా సరే, ఏ వకీలునైనా సరే, ఒక్క మాట అడగాలి. అడిగాకే సంతకం పెట్టండి."

"ఏం అడగాలి?"

"అవతలి పార్టీ ఫైలు కూడా మీ బీరువాలో ఉందా, అని."

నేను ఫఖ్రీ వైపు తిరిగి అదే మాట అడిగాను. ఆయన హాయిగా నవ్వాడు.

"నా బీరువాలో సగం అలెగ్జాండ్రియా ఉంది నాయనా!"

"ఆ కాంట్రాక్టరు ఫైలు ఉందా అండీ?"

"వెనక జనం నిలబడ్డారు. సంతకం పెట్టు."

"ఉందా, లేదా?"

ఫఖ్రీ కాగితాన్ని నా వైపు ఇంకాస్త జరిపాడు. రోజూ ఆయన చెప్పిన ‘రేపు’లన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. గడువు దాటించడమే ఆయన చేస్తున్న పని. కలం కింద పెట్టేశాను.

బయటికి వచ్చాక నాకు భయమూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఆమె నన్ను రావద్దన్నది చిన్నచూపుతో కాదు. నాకోసం. ఆ సంతోషంలో చూరు కింద నిలబడి గట్టిగా అరిచాను.

"ఇక మీరే నా వకీలు. పదండి, మీ పేరనే వకాల్తా రాసేస్తాను!"

"నేను మీ వకీలును కాలేను."

"ఎందుకు కాలేరు?"

"నిన్నటిదాకా ఆ ఆఫీసులో పనిచేసి ఇవాళ మీ తరఫున నిలబడితే, రహస్యాలు మోసుకొచ్చాననే అంటారు. నా పరువు సంగతి వదిలేయండి, మీ కేసే చెడిపోతుంది." తడిసిన చీటీ ఒకటి నా చేతిలో పెట్టింది. "మెతర్ ఎవ్లీన్. ఇబ్రాహీమియా పేటలో, నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఇప్పుడే వెళ్లండి. రేపు శుక్రవారం సెలవు, ఆదివారంతో గడువు ఆఖరు. నా పేరు ఎవరి దగ్గరా ఎత్తకండి, మీ అమ్మగారి దగ్గర కూడా. కేసు తేలేదాకా మనం మాట్లాడుకోకూడదు."

"నా వకీలు కాకపోతే, మరి మీరు నాకు ఏమవుతారు?"

నేను అమాయకంగానే అడిగాను, ఒట్టు. అడిగాక ఆ మాట ఎలా వినిపించిందో నాకే తెలిసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ట్రాము గంట వినిపించింది.

"కేసు అయ్యాక అడగండి" అని వానలోకి పరుగెత్తింది. ఆ పసుపు ట్రాము మెట్టు మీద ఆమె కాలు జారడం, నిలదొక్కుకుని వెనక్కి తిరిగి నేను చూశానా లేదా అని చూడటం, ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మెతర్ ఎవ్లీన్‌కు డెబ్బై ఏళ్లుంటాయి. ఆవిడ బల్ల చూస్తే నాకు ఏడుపొచ్చింది. నాసిరకం చెక్క, ఒక కాలు కింద మడిచిన వార్తాపత్రిక. ఆవిడ నోటీసు రెండుసార్లు చదివింది.

"గెలుస్తామని చెప్పను. శనివారం సాయంత్రం లోపల నోటీసు వాళ్ల చేతిలో పడుతుందని మాత్రం చెబుతాను. వకాల్తా ఈ ఒక్క కేసు వరకే. అమ్మే హక్కు, వదులుకునే హక్కు నాకొద్దు. అది ఎవ్వరికీ రాసివ్వకు. రేపు నీ పెళ్లాం అడిగినా సరే."

శనివారం మూడు గంటలకు కోర్టు మనిషి కాంట్రాక్టరు చేతిలో కాగితం పెట్టి సంతకం తీసుకున్నాడు. ఆ వాటా సొమ్ము కోర్టులో కట్టడానికి అమ్మ గాజులు తీసింది, మామయ్యలు మిగతాది సర్దారు. కేసు నడక మొదలైంది.

ఏడాదిన్నర నడిచింది. కోర్టు వరండాలో గోడవారగా ఒక పొడుగాటి బల్ల ఉండేది. మా వాయిదా ఉన్న ప్రతిసారీ దాని చివర రావియా కూర్చుని ఉండేది. సొంతంగా చిన్న చిన్న కేసులు చూసుకుంటోందని ఎవ్లీన్ చెప్పింది. నా వైపు చూసేది కాదు. నేను ఆమె ముందు నుంచి మూడుసార్లు అనవసరంగా అటూ ఇటూ నడిచేవాణ్ని. రెండు దగ్గులు, ఒక తుమ్ము. మా ప్రేమ కబుర్లన్నీ అవే.

ఇక మా అమ్మ. కూర్చోవడానికి చోటు చూసుకుని, సరిగ్గా వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది!

"నీదేం కేసమ్మా?"

"నేను వకీలునండీ, పిన్నిగారూ."

"అలాగా! వకీలంటే నీలా ఉండాలి, నెమ్మదిగా. ఆ ఫఖ్రీ ఆఫీసులో ఒకత్తె ఉండేదిలే. నా కొడుకును గుమ్మంలోంచే పొమ్మంది. ఎంత పొగరో! ఇదిగో, ఖర్జూరం బిస్కెట్లు, తిను."

"అయ్యో, పొమ్మందా?"

"పొమ్మనడమే కాదు, వీడి బుర్ర పాడుచేసింది. ఇప్పటికి ముగ్గురు పిల్లల్ని చూపించాను. కాదు కూడదంటున్నాడు. అడిగితే ఆ పొగరుమోతు ఆఫీసు వైపు చూసినట్టు గాల్లోకి చూస్తాడు. దాని చేతులు పడిపోను!"

రావియా బిస్కెట్ పట్టుకున్న తన చేతి వైపు చూసుకుంది. "ఎలా ఉంటుందో ఆవిడ?"

"నేను చూడలేదు తల్లీ. కాకిలా ఉండి ఉంటుంది."

స్తంభం వెనక నిలబడి నేను చచ్చిపోయాను. వాయిదా వాయిదాకూ అమ్మ తిట్లు ముదిరాయి, బిస్కెట్లూ పెరిగాయి. రావియా ప్రతిసారీ అన్నీ తినేది, అన్నీ వినేది. ఒకసారి అమ్మ నడుం నొప్పంటే తన కోటు మడిచి వీపు వెనక పెట్టింది. ఆ రోజు ఇంటికొస్తూ అమ్మ అంది: "ఆ వరండాలో పిల్ల ఎంత బాగుందిరా! అలాంటిదాన్ని చూడవు నువ్వు. నీ కళ్లకు ఆ కాకే కావాలి."

నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. మాటిచ్చాను కదా.

మే నెలలో తీర్పు వచ్చింది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, సముద్రం గాలి కాగితాలను ఎగరేస్తోంది. జడ్జిగారు చదివింది నాకు సగమే అర్థమైంది. ఎవ్లీన్ నా మోచెయ్యి నొక్కి, "కొట్టు నీదేరా అబ్బాయ్, మొత్తం నీదే" అంది. అమ్మ అక్కడే నాలుక ఆడిస్తూ పెళ్లింట్లో పెట్టినట్టు కూత పెట్టింది. బంట్రోతు కేకలేసి మమ్మల్ని బయటికి తోలాడు. చేతిలో గుడ్డతో మా నాన్న గుర్తొచ్చాడు.

అమ్మ తిన్నగా ఆ బల్ల దగ్గరికి పోయి, డబ్బా మూత తీసి, "గెలిచాం తల్లీ! నోరు తీపి చేసుకో" అంది. నేను వెనకాలే వెళ్లాను. ఏడాదిన్నర నుంచి దాచుకున్న ధైర్యమంతా కూడదీసుకున్నాను.

"మెతర్, కేసు అయిపోయింది. ఆ రోజు వానలో ఒక మాట అడిగాను."

అమ్మ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "ఏం మాట? ఈ పిల్ల నీకెలా తెలుసురా?"

"అమ్మా, ఫఖ్రీ ఆఫీసుకు రావద్దని నాకు చెప్పింది ఈవిడే. మన కోసం ఆ ఉద్యోగం కూడా వదులుకుంది. మొదటి రోజే ఆ మాట విని ఉంటే మనకు అంత గండం వచ్చేదే కాదు."

అమ్మ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. పెద్దరికం మర్చిపోయి చిన్నపిల్లలా చెంపలు వేసుకుంది.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇన్ని నెలల నుంచి నా పక్కనే కూర్చుని, నా తిట్లన్నీ నా ముందే తింటూ కూర్చున్నావా? నోరు విప్పి ఒక్క ముక్క చెప్పొద్దూ?"

రావియా లేచి నిలబడింది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి తిన్నగా నా కళ్లలోకి చూసింది. జవాబు మాత్రం మా అమ్మకే చెప్పింది.

"కేసు నడుస్తుండగా చెప్పకూడదు కదా, అత్తయ్యా."

నిన్నటి దాకా పిన్నిగారు. ఇవాళ అత్తయ్య. అమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నాకు అంత కూడా పట్టలేదు.